సుడోకు ఒక్కటే చాలదు, పిల్లలకు కూడికల గళ్లు కూడా వేయండి

సంపాదకుల వారికి,

అయ్యా,

శ్రీకాకుళం జిల్లాలోని ప్రాథమిక పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, ప్రస్తుతం ఆమదాలవలసలో విశ్రాంత జీవితం గడుపుతున్న ఉపాధ్యాయుణ్ణి. మీ పత్రికకు చాలాకాలంగా పాఠకుణ్ణి. మీరు రోజూ వేసే సుడోకు గురించి, ఆదివారం పిల్లల పేజీలో అంకెలకు దొరుకుతున్న కాస్తంత చోటు గురించి ఒక విన్నపం చేసుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు కూడికలు సాధన చేస్తూనే ఆలోచించడం నేర్చుకునే అంకెల పజిళ్లను వారానికి ఒకటైనా మీ జిల్లా పేజీలో ప్రచురించాలని, వాటి జవాబుతో పాటు ఆ జవాబు ఎలా వచ్చిందో కూడా నాలుగు వాక్యాల్లో అచ్చువేయాలని నా కోరిక.

ముందుగా సుడోకు సంగతి. అది మంచి ఆట, అందులో సందేహం లేదు. అయితే మా వాడు రోజూ సుడోకు చేస్తున్నాడు కాబట్టి లెక్కల్లో గట్టిపడతాడని అనుకునే తల్లిదండ్రులు నాకు తరచుగా కనిపిస్తుంటారు. సుడోకులో అంకెలున్నాయే కానీ లెక్క లేదు. ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెల స్థానంలో అ, ఆ, ఇ, ఈ అంటూ తొమ్మిది అక్షరాలు పెట్టినా, తొమ్మిది రకాల పువ్వుల బొమ్మలు పెట్టినా ఆట ఏమాత్రం మారదు. ఏ వరుసలోనూ ఒకే గుర్తు రెండోసారి రాకూడదన్న నియమాన్ని పట్టుకుని, ఏది ఎక్కడ కుదరదో తీసేసుకుంటూ పోవడమే అందులోని పని. తర్కానికి అది చక్కని సాధనే. కూడికకు మాత్రం అందులో చోటు లేదు. పైగా ఎనభై ఒక్క గళ్లున్న ఆ పటాన్ని ఎనిమిదేళ్ల పిల్లవాడి ముందు పెడితే వాడు మొదట భయపడతాడు, తరువాత విసుగుపడతాడు. 1979లో ఒక అమెరికన్ పజిళ్ల పత్రికలో ‘నంబర్ ప్లేస్’ అన్న పేరుతో మొదలై, 1984లో జపాన్ చేరి అక్కడే ఈ పేరు సంపాదించుకుని, 2004 నవంబరులో లండన్ ‘టైమ్స్’ పత్రికకు ఎక్కి, ఆ తరువాత మన పత్రికల దాకా వచ్చిన ఆట అది. దాన్ని పెద్దవాళ్లకు ఉండనిద్దాం. పిల్లలకు వేరేది కావాలి.

ఆ వేరేది ఏమిటో చెప్పడానికి ఒక మధ్యాహ్నం సంగతి చెప్పాలి. నేను నరసన్నపేట వైపు ఒక పల్లెలో పనిచేస్తున్న రోజుల్లో, భోజనాలయ్యాక పిల్లలను బడి అరుగు మీద కూర్చోబెట్టి, సుద్దముక్కతో మూడు అడ్డం, మూడు నిలువు తొమ్మిది గళ్లు గీశాను. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు రాసిన కాగితపు ముక్కలు ఇచ్చి, అడ్డంగా కూడినా, నిలువుగా కూడినా, మూల నుంచి మూలకు కూడినా పదిహేనే రావాలని చెప్పాను. పావుగంట సేపు ముక్కలు అటూ ఇటూ మారాయి. ఒక వరుస కుదిరితే మరో వరుస చెడింది. కొందరు వేళ్లు మడిచి లెక్కపెడుతున్నారు, కొందరు పలక మీద రాసుకుంటున్నారు. నాలుగో తరగతి అమ్మాయి ఒకతె మాత్రం ముక్కలను ముట్టుకోకుండా, మూడేసి అంకెలతో పదిహేను ఎన్ని రకాలుగా వస్తుందో పలక మీద ఒక్కొక్కటే రాసుకుంటూ కూర్చుంది. ఒకటి, ఐదు, తొమ్మిది. ఒకటి, ఆరు, ఎనిమిది. రెండు, నాలుగు, తొమ్మిది. రెండు, ఐదు, ఎనిమిది. రెండు, ఆరు, ఏడు. మూడు, నాలుగు, ఎనిమిది. మూడు, ఐదు, ఏడు. నాలుగు, ఐదు, ఆరు. మొత్తం ఎనిమిది. ఇక అంతకంటే లేవు. ఆ జాబితా వైపు కాసేపు చూసి, “మాస్టారూ, ఐదుకే ఎక్కువ చుట్టాలున్నారు, దాన్ని నడుమ పెట్టాలి” అంది.

ఆ పిల్ల మాట నేను ఇప్పటికీ మరచిపోలేదు, ఎందుకంటే ఆ పజిలు మర్మమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. మధ్య గడి నాలుగు వరుసల్లో పాలు పంచుకుంటుంది: ఒక అడ్డ వరుస, ఒక నిలువు వరుస, రెండు మూలల వరుసలు. ఆ ఎనిమిది కూడికల్లో నాలుగుసార్లు వచ్చే అంకె ఐదు ఒక్కటే, కనుక మధ్యలో మరొకటి పెట్టే వీలే లేదు. మూల గడి ఒక్కొక్కటీ మూడు వరుసల్లో ఉంటుంది. మూడేసిసార్లు వచ్చేవి రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, అంటే సరి సంఖ్యలన్నీ మూలల్లోకే వెళ్లాలి. రెండేసిసార్లే వచ్చే ఒకటి, మూడు, ఏడు, తొమ్మిది అంచుల మధ్య గళ్లలోకి వెళతాయి. ఇక మిగిలింది ఏ మూలకు ఏ మూల ఎదురు అన్నదే. రెండుకు ఎదురు ఎనిమిది, నాలుగుకు ఎదురు ఆరు. ఎవరు ఎలా పూరించినా, తిప్పి చూసుకుంటేనో, అద్దంలో చూసినట్టు తారుమారు చేసుకుంటేనో, చివరికి వచ్చేది ఆ ఒక్క చదరమే. ఆ రోజు ఆ పిల్లలు ఎన్ని కూడికలు చేశారో నేను లెక్కపెట్టలేదు కానీ, నోటు పుస్తకంలో ఇరవై లెక్కలు ఇస్తే పదో లెక్క దగ్గరే దిక్కులు చూసేవాళ్లు, గంట కొట్టినా అరుగు దిగలేదు. మరుసటి రోజు అన్ని అంకెలకూ పదేసి కలిపి, పదకొండు నుంచి పంతొమ్మిది వరకు ఇచ్చాను. మొత్తం ఎంత రావాలో నేను చెప్పలేదు. మూడు పదులు పెరుగుతాయి కాబట్టి నలభై ఐదు అని వాళ్లే నాకు చెప్పారు, కూడి సరిచూసుకున్నారు. చేతిలో ఒకటి ఉంచుకుని కూడడం అందులో దానంతట అదే సాధన అయింది.

ఎటు కూడినా ఒకే మొత్తం వచ్చే ఈ మాయాచదరాలు మనకు కొత్తవేమీ కావు. ఖజురాహోలోని పార్శ్వనాథ ఆలయంలో నాలుగు అడ్డం, నాలుగు నిలువు గళ్ల మాయాచదరం చెక్కి ఉంది, దాని మొదటి వరుస 7, 12, 1, 14. ఏ వరుస కూడినా 34 వస్తుంది. నారాయణ పండితుడు 1356లో రాసిన ‘గణితకౌముది’లో వీటి నిర్మాణానికే ‘భద్రగణితం’ అన్న పేరుతో ఒక అధ్యాయం కేటాయించాడు. శ్రీనివాస రామానుజన్ నోటు పుస్తకాల్లోనూ మాయాచదరాల అధ్యాయం ఉంది. ఏటా డిసెంబరు 22న జాతీయ గణిత దినోత్సవం నాడు బడుల్లో ఇటువంటి చదరాలను రంగురంగుల చార్టుల మీద రాసి గోడలకు అంటిస్తున్నారు. సంతోషమే. అయితే ఆ చార్టు రాసిన పిల్లవాడు ఒక్క వరుసైనా కూడి చూశాడా అన్నది నా దిగులు.

జవాబుతో పాటు కారణం కూడా అచ్చువేయాలని ఎందుకు పట్టుబడుతున్నానో చెప్పడానికి మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మా మనవరాలు మూడో తరగతిలో ఉండగా, బడిలో కొనిపించిన ఒక అభ్యాస పుస్తకంలో త్రిభుజం బొమ్మ వచ్చింది. మూడు కొనల్లో మూడు సున్నాలు, ఒక్కో భుజం నడుమ ఒక్కో సున్నా, మొత్తం ఆరు. వాటిలో ఒకటి నుంచి ఆరు వరకు అంకెలను, మూడు భుజాల మీదా మొత్తం సమానంగా వచ్చేలా నింపమన్నారు. పిల్ల కొనల్లో నాలుగు, ఐదు, ఆరు పెట్టి, నాలుగు ఐదుల నడుమ మూడు, ఐదు ఆరుల నడుమ ఒకటి, నాలుగు ఆరుల నడుమ రెండు రాసింది. ఏ భుజం కూడినా పన్నెండు. పుస్తకం వెనక జవాబుల్లో మాత్రం కొనల్లో ఒకటి, రెండు, మూడు, మొత్తం తొమ్మిది అని ఉంది. దిద్దినవారు ఆ వెనక పేజీని చూసి, పిల్ల జవాబు మీద ఎర్ర సిరాతో పెద్ద ఇంటూ కొట్టి పంపించారు. పిల్ల ఆ రాత్రి కొనలన్నీ చెరిపేసి పుస్తకంలోని జవాబునే దించుకుంది. ఎందుకమ్మా అని అడిగితే, “నాది తప్పంట తాతా” అంది.

పిల్లది తప్పు కాదు. ఒకటి నుంచి ఆరు వరకు కూడితే ఇరవై ఒకటి. మూడు భుజాలనూ విడివిడిగా కూడినప్పుడు కొనల్లోని అంకెలు రెండేసిసార్లు లెక్కకు వస్తాయి. అందువల్ల ఇరవై ఒకటికి కొనల మొత్తం కలిపితే, అది ఒక భుజం మొత్తానికి మూడు రెట్లు కావాలి. కొనల్లో ఒకటి, రెండు, మూడు ఉంటే ఇరవై ఏడు, భుజానికి తొమ్మిది. ఒకటి, మూడు, ఐదు ఉంటే భుజానికి పది. రెండు, నాలుగు, ఆరు ఉంటే పదకొండు. నాలుగు, ఐదు, ఆరు ఉంటే పన్నెండు. నాలుగు మొత్తాలూ సరైనవే. ఈ నాలుగు ఉన్నాయని ఆ పుస్తకంలో ఒక్క వాక్యం ఉండి ఉంటే, ఒక పిల్ల సొంతంగా సాధించిన దాన్ని చేజేతులా చెరిపేసుకునేది కాదు. అచ్చులో కారణం లేకుండా జవాబు మాత్రమే ఉన్నప్పుడు, పిల్లలు ఆలోచించడం మాని కిట్టించడం నేర్చుకుంటారు. లెక్కల్లో కిట్టింపు ఒకసారి అలవాటైతే పదో తరగతి దాకా వదలదు; ఆ పిల్లలను నేను చూశాను.

ఐదో తరగతికి వచ్చిన పిల్లలకు ‘కకురో’ అనే ఆటను చిన్న సైజులో ఇవ్వవచ్చు. కూడిక అన్న అర్థమిచ్చే జపాను మాటనూ, ‘క్రాస్’ అన్న ఇంగ్లీషు మాటను జపానువాళ్లు పలికే తీరునూ కలిపి కుదించి ఈ పేరు పెట్టారు. మనకు అలవాటైన గళ్ల నుడికట్టు లాంటిదే, అక్షరాలకు బదులు ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెలు ఉంటాయి, ఆధారాలకు బదులు మొత్తాలు ఉంటాయి. అడ్డం రెండు గళ్లకు నాలుగు అని ఇచ్చారనుకోండి. ఒకే వరుసలో ఒకే అంకె రెండుసార్లు రాకూడదు కాబట్టి రెండూ రెండూ కుదరవు, ఒకటీ మూడే కావాలి. అందులో ఒక గడి గుండా పోయే నిలువు రెండు గళ్లకు మూడు అని ఇచ్చారనుకోండి. అవి ఒకటీ రెండే కావాలి. రెండింటికీ ఉమ్మడి గడిలో రెండు చోట్లా ఉన్న అంకే ఉండాలి, అంటే ఒకటి. ఊహించనక్కర లేదు, చెరపనక్కర లేదు. అలాగే రెండు గళ్లకు పదిహేడు అంటే ఎనిమిదీ తొమ్మిదీ తప్ప మరో దారి లేదు, పదహారు అంటే ఏడూ తొమ్మిదీ, మూడు గళ్లకు ఇరవై నాలుగు అంటే ఏడూ ఎనిమిదీ తొమ్మిదీ. పది మాత్రం రెండు గళ్లలో నాలుగు రకాలుగా వస్తుంది. ఇలాంటి చోట పిల్లవాడు తొందరపడకుండా ఆ గడిని పక్కన పెట్టి, వేరే చోట గట్టి ఆధారం దొరికాక తిరిగి రావడం నేర్చుకుంటాడు. తెలియని దాన్ని తెలియనిదిగా కాసేపు ఉండనివ్వడం చిన్నపిల్లలకు చాలా కష్టమైన పని, అది బోర్డు మీద చెబితే రాదు.

ఇంకొక రకం అక్షరాల కూడిక. 1924లో హెన్రీ డ్యూడెనీ ఇంగ్లీషు మాటలతో కూర్చిన ఇటువంటి కూడిక ప్రపంచమంతా తిరిగింది, కానీ మన పిల్లలకు మన అక్షరాలతోనే చేయవచ్చు. ఉదాహరణకు: కక + గ = గచచ. ఒక్కో అక్షరం ఒక్కో అంకె. రెండంకెల సంఖ్యకు ఒక అంకె కలిపితే మొత్తం నూట ఎనిమిదికి మించదు, అందువల్ల మూడంకెల మొత్తంలో మొదటి అంకె ఒకటి తప్ప మరొకటి కాలేదు. గ ఒకటి అని తేలాక, ఒకటి కలిపితేనే వందకు చేరే రెండంకెల సంఖ్య ఏదో పిల్లలే చెబుతారు: తొంభై తొమ్మిదికి ఒకటి కలిపితే వంద. ఈ ఒక్క లెక్కతో, తొమ్మిదికి ఒకటి కలవగానే స్థానం ఎలా పొర్లుతుందో వాళ్లకు అనుభవంలోకి వస్తుంది. మన పెద్దలు పొద్దుపోయాక పిల్లలకు వేసిన చిక్కు లెక్కలు కూడా ఈ కోవలోవే. పువ్వుకొక తుమ్మెద వాలితే ఒక తుమ్మెదకు పువ్వు చాలలేదు, పువ్వుకు రెండేసి వాలితే ఒక పువ్వు మిగిలిపోయింది, పువ్వులెన్ని, తుమ్మెదలెన్ని అని మా అమ్మమ్మ అడిగేది. ఆమెకు సంతకం చేయడం రాదు. మూడు పువ్వులు, నాలుగు తుమ్మెదలు అని మేము చెప్పేదాకా అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చునేది.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్లి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను సీతంపేట కొండల్లో సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పాను. ఆ ప్రాంతం ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. గిడుగు రామమూర్తి గారు ఎంతో శ్రమపడి నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు కూర్చిన ఆ సవర భాషలో లెక్కపెట్టే పద్ధతి మనకంటే వేరు. వాళ్లకు పన్నెండు వరకు విడి మాటలుంటాయి. పదమూడు కావాలంటే పన్నెండూ ఒకటి అంటారు. ఇరవై దాకా అలా వెళ్లి, ఆపైన ఇరవైల మీద కలుపుకుంటూ పోతారు, ముప్పై మూడును ఇరవై, పన్నెండు, ఒకటి అని చెబుతారు. అంటే ఆ పిల్లలు తమ భాషలో సంఖ్య పేరు చెప్పినప్పుడల్లా నోటితో ఒక కూడిక చేస్తున్నట్టే. మా తెలుగు పాఠం చదవలేక తల దించుకున్న పిల్లలు, పిక్కలతో మొత్తాలు పేర్చే ఆట పెట్టినప్పుడు తల ఎత్తి నా కళ్లలోకి చూశారు. అంకెల పజిలుకు భాష అడ్డం రాదు. వాక్యం చదవడం ఇంకా రాని పిల్లవాడు కూడా తొమ్మిది గళ్ల ముందు మిగతా పిల్లలతో సమానంగా కూర్చోగలడు. ఈ జిల్లాల్లో అది చిన్న విషయం కాదు.

ఇవన్నీ బడిలోనే చేయించుకోవచ్చు కదా, పత్రిక ఎందుకు అని మీరు అడగవచ్చు. 2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లకూ చదవడం, రాయడం, ప్రాథమిక లెక్కలు రావాలని చెబుతోంది. ఉపాధ్యాయులు ఆ పనిలోనే ఉన్నారు. అయితే మన ఉత్తరాంధ్ర పల్లెల్లో తల్లిదండ్రులు పనుల కోసం హైదరాబాదుకో, విజయవాడకో, చెన్నైకో వలస పోతే, తాతల దగ్గర, అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లలు చాలామంది ఉన్నారు. సాయంత్రం ఆ ఇళ్లలో బడిలో ఇచ్చిన ఇంటిపని చూసిపెట్టే మనిషి ఉండరు. ఫోను ఉంటుంది. టీ దుకాణానికి మాత్రం రోజూ పత్రిక వస్తుంది, అది మధ్యాహ్నానికి చేతులు మారుతుంది, మరుసటి రోజుకు పొట్లమవుతుంది. ఆ కాగితంలో ఒక మూల తొమ్మిది గళ్లు ఉంటే, ఆ పిల్లవాడు తాత పక్కన కూర్చుని పెన్సిలు ముక్కతో నింపుతాడు. సంతలో ఆకుకూరలు అమ్మే అమ్మమ్మ నోటి లెక్కల్లో ఎవరికీ తీసిపోదు. మనవడు ఎనిమిది, ఆరు, ఇంకెంత అని అడిగితే ఆమె పలక లేకుండానే చెబుతుంది, ఎలా చెప్పిందో కూడా చూపిస్తుంది. ఆ ఇంట్లో లెక్క తెలిసిన మనిషి లేక కాదు, ఆ ఇద్దరినీ ఒక లెక్క దగ్గర కూర్చోబెట్టే సాకు లేదు.

ప్రచురించేటప్పుడు కొన్ని విషయాలు గమనించవలసిందిగా కోరుతున్నాను. గళ్లు పెద్దవిగా ఉండాలి. పిల్లల చేతిరాత పట్టని గడి వల్ల ప్రయోజనం లేదు. జవాబు ఒకటే ఉంటే ఒకటే అని, ఎక్కువ ఉంటే ఎన్నో కనుక్కోమని ముందే చెప్పాలి. జవాబు అదే పేజీలో తలకిందులుగా వేయడం మానుకుని, మరుసటి వారం వివరంగా ఇవ్వాలి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఆ గడిలో ఆ అంకె తప్ప మరొకటి ఎందుకు కుదరదు అన్నది అందులో ఉండాలి. ముందుగా ఫోను చేసిన వారికి బహుమతి అన్న పద్ధతి మాత్రం దయచేసి పెట్టవద్దు. ఆ అరుగు మీది అమ్మాయి ముక్కలు ముట్టుకోకుండా పావుగంట పలక చూస్తూ కూర్చుంది. వేగానికి బహుమతి పెట్టి ఉంటే ఆమె ఆ రోజు ఓడిపోయి ఉండేది. వీలైతే నెలకొకసారి, పిల్లలు పంపిన పద్ధతుల్లో ఒకదాన్ని వాళ్ల మాటల్లోనే వేయండి. ‘ఐదుకు ఎక్కువ చుట్టాలున్నారు’ అని ఒక పిల్ల చెప్పిన మాటను మరో పిల్ల చదివితే, నేను చెప్పినదానికంటే త్వరగా అందుకుంటుంది.

తరగతిలో పిల్లలతో చేయించి, జవాబులు ఎన్ని ఉన్నాయో సరిచూసి పెట్టుకున్న త్రిభుజాలు, చదరాలు, చిన్న కకురోలు, అక్షరాల కూడికలు ఒక నోటు పుస్తకం నిండా నా దగ్గర ఉన్నాయి. పారితోషికం ఏమీ అక్కర లేదు. మీరు సరేనంటే మొదటి పది, వాటి వివరణలతో సహా శుభ్రంగా తిరగరాసి వచ్చే వారమే పంపగలను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా.